గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టండి

బేగం బజార్, ఫీల్‌ఖానా, అఫ్జల్‌గంజ్, గోషామహల్, ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల బౌద్ధ కుటుంబాలకు, ధ్యానానికి వచ్చే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు విజ్ఞప్తి



కిలో ఎండుమిర్చి కొనేటప్పుడు మనం కాటా ముల్లు చూస్తాం. స్టీలు బిందె కొంటే తిరగేసి అడుగు తట్టి చూస్తాం. హమాలీ అన్న బస్తా ఎత్తే ముందు కుట్టు ఊడిందేమోనని చేత్తో తడుముతాడు. ఈ బజార్లో ఎవరూ కళ్లు మూసుకుని సరుకు తీసుకోరు. చూసి తీసుకుంటే ఎవరూ చిన్నబుచ్చుకోరు కూడా. సేటే "చూసుకో అన్నా" అంటాడు. మరి బిడ్డను ఆదివారం ధమ్మ తరగతికి పంపేటప్పుడు, చెల్లెను పది రోజుల శిబిరానికి పంపేటప్పుడు మనం ఒక్క ప్రశ్న అడగం. ఎదురుగా చీవరమో తెల్లబట్టో కనబడితే చాలు, చేతులు జోడించి వెనక్కి వచ్చేస్తాం. ఆ ఒక్క అలవాటు మార్చుకుందామని అడగడానికే ఈ కరపత్రం.

ముందు నా సంగతి చెప్తాను. కొన్నేళ్ల కింద నేను ఒక ధ్యాన కేంద్రంలో సేవ చేసేదాన్ని. ఊరు, పేరు చెప్పను. ఆ పిల్లగాణ్ని ఎవరూ గుర్తుపట్టకూడదు. నా పని గుమ్మం దగ్గర. వచ్చినవాళ్ల చెప్పులు వరసగా పెట్టడం, మంచినీళ్లు అందించడం. పదేళ్ల బాబు ఒకడు ప్రతి వారం వచ్చేవాడు. నీలం పట్టీల రబ్బరు చెప్పులు. ఎడమదాని పట్టీ ఊడిపోతుంటే అడుగున పిన్నీసు గుచ్చి ఉండేది. ఒక ఆదివారం వాడు లోపలి గదిలోంచి వచ్చి, నా వైపు చూడకుండా, ఒట్టి కాళ్లతో మెట్లు దిగి పోయాడు. మే నెల ఎండ. "అరే, చెప్పులు బిడ్డా" అని కేక వేశాను. ఆగలేదు. చెప్పులు తీసి గోడవారగా పెట్టాను, వచ్చే వారం ఇస్తాలే అనుకుని. వాడు మళ్లీ రాలేదు. ఆ చెప్పులు మూడు నెలలు అక్కడే ఉన్నాయి. ప్రతి ఆదివారం వాటి మీది దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెట్టాను గానీ, ఈ బాబు ఎందుకు రావట్లేదని ఒక్కరినీ అడగలేదు.

వాళ్లమ్మ నాతో నోరు విప్పేసరికి వానాకాలం వెళ్లిపోయింది. పెద్దలకు చెప్పాం. నలుగురూ కూర్చున్నారు. "విహారం పేరు పోతుంది" అన్నారు ఒకరు. "అసలే మనల్ని చూసి ఓర్వలేని వాళ్లున్నారు, మన ఇంటి సంగతి మనమే రోడ్డు మీద వేసుకుందామా" అన్నారు ఇంకొకరు. మూడోవారు క్షమ గురించి చాలాసేపు మాట్లాడారు. చివరికి ఆ బాబుకు హాని చేసిన మనిషిని వేరే ఊరికి పంపించారు. వెళ్లే రోజున శాలువా కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ ఊళ్లో పిల్లలు లేరా అన్న మాట ఆ రోజు నాకు తట్టలేదు. ఈ అయిదారేళ్లుగా రాత్రిపూట నన్ను లేపేది ఆ చప్పట్లే.

ఇది ఒక ఊరి సంగతి అనుకోకండి. 2018 ఆగస్టులో బోధ్‌గయలో, బుద్ధుడికి జ్ఞానోదయమైన ఊళ్లోనే, పిల్లలకు బడి, ధ్యాన కేంద్రం నడుపుతున్న ఒక భిక్షువును పోలీసులు అరెస్టు చేశారు. అస్సాం నుంచి వచ్చిన పదిహేను మంది చిన్న శ్రామణేరులపై లైంగిక దాడి జరిగిందన్నది కేసు. వాళ్ల తల్లిదండ్రులూ మనలాంటి వాళ్లే అయి ఉంటారు. పిల్లలకు చదువొస్తుంది, రెండు పూటలా అన్నం దొరుకుతుంది, మంచి నడత వస్తుంది అని పంపి ఉంటారు.

పెద్ద పేర్లున్న చోట కూడా ఇదే జరిగింది. టిబెటన్ గురువు సోగ్యాల్ రిన్‌పోచే పుస్తకాన్ని లక్షల మంది చదివారు. 2017 జులైలో ఎనిమిది మంది పాత శిష్యులు ఆయన పెట్టిన హింసను లేఖగా రాసి బయటపెట్టారు. ఆగస్టులో ఆయన పదవి వదులుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు స్వతంత్ర విచారణ చేసినవాళ్లు ఆ ఫిర్యాదుల్లో చాలావాటిని నిజమేనని తేల్చారు. అదే 2018 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లో ఇలాంటి గురువుల చేతిలో నలిగిన వాళ్లు దలైలామాను కలిసి తమ కథలు చేతికిచ్చారు. ఇలాంటివి జరుగుతున్నాయని తనకు తొంభైల నుంచే తెలుసని ఆయన అన్నారు. తెలిసి పాతికేళ్లు. ఆ పాతికేళ్లలో ఇంకెంతమంది వాటి పాలబడ్డారో ఆలోచించండి.

మనకు ఇంకా దగ్గరి పేరు ఒకటి చెప్పాలి. చెప్పడానికి నాకు మనసొప్పదు, అయినా చెప్పాలి. 1956 డిసెంబర్ 6న బాబాసాహెబ్ పోయారన్న కబురు అందిన రోజు భిక్షు సంఘరక్షిత నాగపూర్‌లో ఉన్నారు. అప్పటికి దీక్ష తీసుకుని రెండు నెలలు కూడా కాని జనం దిక్కు తోచక ఏడుస్తుంటే, ఆ తర్వాతి రోజుల్లో సభ మీద సభ పెట్టి వాళ్లకు ధైర్యం చెప్పారు. ఆ మేలు మన తాతలు మరిచిపోలేదు. ఇంగ్లండులో ఆయన స్థాపించిన సంఘంలో తమకు జరిగిన లైంగిక అన్యాయాన్ని శిష్యులు కొందరు తర్వాతి కాలంలో బయట చెప్పారు. 2016 డిసెంబరులో, తొంభై ఏళ్లు దాటిన వయసులో, తన వల్ల నొచ్చుకున్న, హాని పొందిన తోటి బౌద్ధులను క్షమించమని అడుగుతూ ఆయన ఒక ప్రకటన ఇచ్చారు. మేలు చేసిన చెయ్యి హాని చేయదని ఏ గ్యారంటీ లేదు. ఆయన స్థాపించిన త్రిరత్న సంఘం ఇప్పుడు తన కేంద్రాల్లో రక్షణ బాధ్యత చూసే మనుషులను పేరు పెట్టి నియమించుకుంటోంది. అంత పెద్ద సంఘానికి అవసరమైంది, షాపు మీది చిన్న గదిలో కూర్చునే మనకు అవసరం లేదా?

"మన ఇంటి సంగతి రోడ్డు మీద వేసుకుందామా" అన్న పెద్దాయనకు ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్తాను. పుత్లీబౌలి, కోఠి దాటితే ఇసామియా బజార్. 1910లో అక్కడ మన పిల్లలకు బడి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ గారు, ఆ తర్వాత మూడేళ్లకు, 1913లో, ఈ నగరంలో బుద్ధ జయంతి జరపడం మొదలుపెట్టారు. అప్పటికి అంబేడ్కర్ ఇంకా విద్యార్థి. ఈ సంగతి గర్వంగా చెప్పుకుంటాం, మంచిదే. ఆ చేత్తోనే ఆయన చేసిన ఇంకో పని మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. దేవుడి పేరున ఆడపిల్లలను జోగినులుగా, మురళీలుగా వదిలే ఆచారం మీద ఆయన ఊరూరా తిరిగి మాట్లాడారు. అది బయటివాళ్ల పిల్లల సంగతి కాదు, మన వాడల్లోని మన పిల్లల సంగతి. పైవాళ్లు మనల్ని తిడుతున్న ఆ కాలంలో మన తప్పు మనమే చెప్పుకుంటే పరువు పోతుందని ఆయన అనుకోలేదు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన నాటి నుంచి 1939లో కన్నుమూసే దాకా, బయటివాళ్ల అన్యాయం మీద ఒక చెయ్యి, ఇంట్లో అన్యాయం మీద ఒక చెయ్యి వేసి నడిచారు. జోగిని ఆచారాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది 1988లో. ఆయన చట్టం కోసం ఆగలేదు.

ఇక ధర్మం మాటకొద్దాం. "గురువును అనుమానించడం పాపం కదమ్మా" అని అడిగేవాళ్లున్నారు. వినయ పిటకం తెరిచి చూడండి. బుద్ధుడు నియమాలన్నీ ఒక్క రోజున కూర్చుని రాయలేదు. ఎక్కడో తప్పు జరిగింది, ఎవరో వచ్చి చెప్పారు, అప్పుడు ఒక నియమం పుట్టింది. చెప్పినవాళ్లలో మామూలు గృహస్థులు ఎంతోమంది.

రాజగృహంలో పదిహేడు మంది పిల్లలు, స్నేహితులు. వాళ్లలో ఉపాలి అనే వాడి అమ్మానాన్నలు, పిల్లాడికి ఏ పని నేర్పిద్దామా అని ఆలోచించారు. రాత పని అయితే వేళ్లు నొప్పి పుడతాయి, లెక్కల పని అయితే గుండె నొప్పి పుడుతుంది అనుకున్నారు. ఈ మాట చదివినప్పుడు మన గల్లీలో గల్లాపెట్టె ముందు తల పట్టుకునే గుమాస్తాలు గుర్తొచ్చి ఆ తల్లిదండ్రులు నాకు మరీ దగ్గరయ్యారు. చివరికి, భిక్షువులు సుఖంగా తిని పడుకుంటారు, ఆ దారే మేలని తేల్చుకున్నారు. పదిహేడు మందీ భిక్షువులయ్యారు. తెల్లవారుజామునే లేచి గంజి కావాలని, అన్నం కావాలని ఏడ్చారు. తెల్లారనివ్వండి అన్నారు భిక్షువులు. పిల్లలు ఆగుతారా? పడకలు తడిపేశారు. బుద్ధుడు ఆ చీకట్లో లేచి, ఈ పిల్లల ఏడుపేమిటని ఆనందుణ్ని అడిగాడు. ఇరవై ఏళ్లు నిండని వాళ్లకు ఉపసంపద, అంటే పూర్తి భిక్షు దీక్ష, ఇవ్వకూడదన్న నియమం అలా వచ్చింది. మహాజ్ఞాని పిల్లల ఏడుపు విని లేచి కూర్చున్నాడు. నేను చెప్పులు తుడిచి పెట్టాను.

బుద్ధుడి కొడుకు రాహులుడికి శ్రామణేర దీక్ష ఇచ్చినప్పుడు తాత శుద్ధోదనుడు వచ్చి, కొడుకు పోయినప్పుడు ఎంత బాధపడ్డానో, మనవడు పోతే ఇంకెంత బాధో చెప్పుకున్నాడు. తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఏ పిల్లవాడికీ దీక్ష ఇవ్వకూడదని ఆ రోజే నియమం పెట్టాడు బుద్ధుడు, తానిప్పించిన దీక్ష మీదే వచ్చిన ఫిర్యాదు విని.

ఉపాసిక విశాఖ కథ ఆడవాళ్లందరూ తెలుసుకోవాలి. శ్రావస్తిలో ఒక ఇంటికి పిలుపు మీద వెళ్తే, అక్కడ ఉదాయి అనే భిక్షువు ఒక పడుచుపిల్లతో చాటుగదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఇది మీకు తగదు భంతే అని విశాఖ ముఖం మీదే చెప్పింది. ఆయన పట్టించుకోలేదు. ఆమె ఊరుకోలేదు, వెళ్లి భిక్షువులకు చెప్పింది. మాట బుద్ధుడి దాకా వెళ్లింది. నమ్మదగిన ఉపాసిక తాను చూసింది చెబితే, ఆ మాట మీద భిక్షువును విచారించాలన్నది నియమమైంది. భిక్షువులు పక్షానికోసారి చదువుకునే పాతిమోక్షంలో అది ఈ రోజుకీ ఉంది. అంటే ఒక గృహిణి సాక్ష్యానికి పాతిమోక్షంలోనే చోటుంది. మన దగ్గర మాత్రం ఆడమనిషి నోరు తెరిస్తే "నీకెందుకమ్మా" అంటున్నాం.

"నీ కర్మ" అనే మాట ఇంకోటి. దెబ్బతిన్న మనిషితో ఈ మాట అనేవాళ్లు ఉప్పలవణ్ణ థేరి సంగతి చదవాలి. అంధవనంలో ఆమె కుటీరంలో దాక్కున్న ఒకడు ఆమె మీద అత్యాచారం చేశాడు. ఆమె సమ్మతించలేదు కాబట్టి ఆమెకు ఏ దోషమూ లేదని బుద్ధుడు స్పష్టంగా చెప్పాడు. అంతకుమించి ఇంకేం కావాలి?

అబద్ధపు ఫిర్యాదులు వస్తే ఎలా అన్న భయం కూడా న్యాయమైనదే. దబ్బ మల్లపుత్తుడనే భిక్షువు మీద అలాంటి నిందే పడింది. అప్పుడు బుద్ధుడు దాన్ని దాచలేదు, ఆయన్ను సంఘం ముందే అడిగాడు. నిజం తేలింది. నింద వేయించిన వాళ్లదే తప్పయింది. మంచి గురువుకు విచారణ వల్ల నష్టం లేదు. గుసగుసల వల్లే నష్టం.

ధ్యానం దగ్గర కూడా జాగ్రత్త కావాలి. వైశాలిలో కొందరు భిక్షువులు శరీరం అశుభమనే ధ్యానంలో పడి, బతుకు మీద రోత పుట్టి, ప్రాణాలు తీసుకున్నారు, తీయించుకున్నారు. అది తెలిసిన బుద్ధుడు మిగిలినవాళ్లకు శ్వాస మీద ధ్యాస నేర్పాడు. అందరికీ ఒకే మందు పనికిరాదని ఆయనకు తెలుసు. మానసిక వైద్యానికి మాత్రలు వాడుతున్నవాళ్లను "ధ్యానం చేస్తే చాలు, మాత్రలెందుకు" అని ఆపించేవాళ్లను నేను చూశాను. దయచేసి అలా ఎవరికీ చెప్పకండి. నిద్రపట్టక, భయం పట్టి, చావు ఆలోచనలు వచ్చేవాళ్లుంటే 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయించండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం వచ్చినా, పోలీసులకు చెప్పి తీరాలి. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ అది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థను నడిపే మనిషే దాచిపెడితే ఏడాది దాకా. శాలువా కప్పిన ఆ నలుగురితో పాటు నేనూ చట్టం ముందు దోషినే. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద మాత్రం కేసు పెట్టడానికి వీల్లేదు. ఇంకో మాట. బాధపడ్డ పిల్లల పేరు, ఫోటో, బడి, ఇల్లు గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో "అయ్యో పాపం" అని పంపడం కూడా ఆ పిల్లలకు రెండో దెబ్బ.

సాయం మనకు నడక దూరంలో ఉంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఎదురుగా హాకా భవన్‌లో భరోసా కేంద్రం 2016 నుంచి పనిచేస్తోంది. దెబ్బతిన్న ఆడవాళ్లకు, పిల్లలకు ధైర్యం చెప్పేవాళ్లు, వైద్యం చూసేవాళ్లు, న్యాయ సలహా ఇచ్చేవాళ్లు, వాంగ్మూలం తీసుకునేవాళ్లు ఒక్క చోటే దొరుకుతారు. బిడ్డను స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి అదే కథ పదిసార్లు చెప్పించే అవసరం రాకూడదనే దాన్ని పెట్టారు. పిల్లల కోసం 1098, ఆడవాళ్ల కోసం 181, ఏ ఆపదకైనా 112. ఈ మూడు నంబర్లు మీ ఇంటి క్యాలెండర్ మీద ఈ రాత్రే రాసిపెట్టండి.

గది సంగతి కూడా చెప్పాలి. మనలో చాలామంది కూర్చునేది గోదాంల మీది గదుల్లో. ఒకటే ఇనుప మెట్లు, కింద అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సామాను. పైన మనం కొవ్వొత్తులు, అగరుబత్తులు వెలిగిస్తాం. 2023 నవంబర్ 13న మన నాంపల్లి బజార్‌ఘాట్‌లో, కింద కెమికల్ డ్రమ్ములున్న అపార్ట్‌మెంటుకు మంటలంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. కాబట్టి మెట్ల మీద సామాను పెట్టనివ్వకండి. వెళ్లేటప్పుడు దీపం ఆరిందో లేదో చూసే మనిషి ఒకరు ఉండాలి.

మరి ఏం చేద్దాం? పిల్లలున్న గది తలుపు మూయకూడదు. ఒక పెద్ద మనిషి, ఒక పిల్ల ఒంటరిగా ఎక్కడా ఉండకూడదు, అది భిక్షువైనా, ఉపాసకుడైనా, నేనైనా. శిబిరానికి పంపితే తల్లో తండ్రో, నమ్మిన బంధువో వెంట ఉండాలి, వీల్లేకపోతే పంపకూడదు. రోజుకోసారి బిడ్డతో ఫోన్లో మాట్లాడనివ్వమంటే ఒప్పుకోని చోటికి అసలే వద్దు. బయటి ఊరి నుంచి నేర్పడానికి వచ్చేవారు ఇంతకుముందు ఎక్కడ నేర్పారో, అక్కడి నుంచి ఎందుకు వచ్చేశారో ఫోన్ చేసి కనుక్కోవాలి. మన నుంచి ఎవరైనా వెళ్లిపోతే, అవతలి ఊరివాళ్లు అడిగినప్పుడు నిజం చెప్పాలి. ప్రతి చోటా ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఫిర్యాదులు వినడానికి ఉండాలి, వాళ్ల ఫోన్ నంబర్లు గుమ్మం మీద పెద్దక్షరాలతో ఉండాలి. వాళ్లు నేర్పే గురువుకు చుట్టాలు కాకూడదు. ఫిర్యాదు వచ్చిన మనిషి విచారణ తేలేదాకా పక్కకు తప్పుకోవాలి, అది శిక్ష కాదని ఆయనకూ మనకూ తెలిసి ఉండాలి. నేరమైతే పోలీసులకే పోవాలి. పెద్దమనుషుల పంచాయితీ వద్దు, రాజీ వద్దు, డబ్బులిచ్చి నోరు మూయించడం అసలే వద్దు.

పిల్లలతో మాట్లాడండి. "భంతేకు మర్యాద ఇవ్వాలి" అని నేర్పినట్టే, "నచ్చని చోట ఎవరు ముట్టుకున్నా అరువు, పరుగెత్తు, వచ్చి నాకు చెప్పు, నేను నిన్ను కొట్టను" అని కూడా నేర్పండి. ఆ చివరి మాట చాలా ముఖ్యం. పిల్లలు ఎక్కువగా భయపడేది అమ్మ ఏమంటుందోననే. రోజూ వచ్చే బిడ్డ రావడం మానేస్తే ఆ సాయంత్రమే ఇంటికి పోయి కనుక్కోండి. గుమ్మం దగ్గర సేవ చేసే అక్కలారా, తరగతి అయ్యాక చెప్పులు లెక్కపెట్టండి. ఒక జత మిగిలితే అది ఎవరిదో, ఆ పిల్ల ఎక్కడుందో తెలిసేదాకా ఇంటికి పోకండి.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం భవనం ముందు కలుద్దాం. లోపలి గ్యాలరీలో మన నేల మీది బౌద్ధ శిల్పాలున్నాయి, ముందే వచ్చినవాళ్లు పిల్లలకు చూపించండి. ఈ నియమాలు ఒక్కొక్కటీ చదువుకుని, మార్చాల్సినవి మార్చి, అందరం సంతకాలు పెట్టి, తలా ఒక కాగితం మన మన చోట్ల గుమ్మానికి అంటిద్దాం. నేర్పే గురువులు కూడా రావాలి, మొదటి సంతకం వాళ్లే పెట్టాలి. చదువురాని అమ్మలకు పక్కన కూర్చుని చదివి వినిపించడానికి మనుషులున్నాం. అక్కడ ఎవరినీ తమకేం జరిగిందో చెప్పమని అడగం. చెప్పుకోవాలనుకునేవాళ్లు ఉంటే పక్కకు తీసుకెళ్లి వింటాం, కావాలంటే ఎదురుగా ఉన్న భరోసాకు తోడు వస్తాం. షాపు కట్టేసి, బండి అప్పగించి వచ్చేవాళ్లకు ఆలస్యమవుతుందని తెలుసు. ఆరున్నర దాకా అక్కడే ఉంటాం.

— బేగం బజార్ బౌద్ధ ఉపాసికలు, ఉపాసకులు